వద్దనే మనిషి

మార్గశిరం రాగానే గొడ్డలి కొట్టుగదిలోంచి నడిచొచ్చి మంగతాయారు వంటింటి గడప మీద కూర్చుంటుంది. తాయారు దానికేసి ఒకసారి చూసి, పాలు పొంగకుండా పొయ్యి మంట తగ్గిస్తుంది. ఏటా వచ్చేదే కదా. కాకపోతే ఏటా పేర్రాజు గారు భుజాన పెట్టుకుని తెచ్చేవారు, ఈ ఏడు ఆయన లేరు గనక అదే వచ్చింది. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది!

పేర్రాజు గారు తాయారు భర్త. వానలు మొదలయ్యే ముందు ఆసుపత్రిలో పోయారు. ఆయనున్న రోజుల్లో ఈ ఇంట్లో ఒక తంతు జరిగేది. పెరట్లో పనసచెట్టుకి కాపు ముందు కాస్త భయం చెప్పాలి. ఆయన పంచె ఎగ్గట్టి, గొడ్డలెత్తి, "ఈ ఏడు కాయకపోయావో, మొదలంటా నరికేస్తా!" అని వీధంతా వినపడేలా కేకలేసేవారు. తాయారు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకునేది. "వద్దండీ, వద్దు! ఈసారి కాస్తుంది, నాదీ పూచీ!" ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికొచ్చేవారు. చెట్టు బుద్ధిగా పిందెలు వేసేది, వీళ్లు ఆవ పెట్టి పనసపొట్టు కూర వండుకునేవారు.

"దీనికి ఇద్దరు కావాలి," అంటుంది గొడ్డలి. "నరికేస్తాననే మనిషి ఒకరు, వద్దనే మనిషి ఒకరు. వద్దనేవాళ్లు లేకపోతే నేను ఆగను. ఆగడం నాకు రాదు."

"సరే," అంటుంది తాయారు.

ఆవిడ నోట్లో ఆ ఒక్క మాటే మిగిలింది. ఆసుపత్రిలో డాక్టరు పక్కకి పిలిచి, "ఇంక లాభం లేదమ్మా, గొట్టాలు తీసేద్దామా?" అని అడిగినప్పుడు సరే అంది. ఆ రోజు నుంచీ మిగతా మాటలు బయటికి రావడం మానేశాయి. ఇల్లు అమ్మేద్దాం వదినా అని మరిది అంటే సరే. పూలకుండీలు పట్టుకుపోతానని పక్కింటావిడ అంటే సరే. ఏడుస్తుందేమోనని చుట్టాలందరూ కాచుకు కూర్చున్నారు గానీ ఆ ఏడుపూ రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు తిరుగుతోంది.

ఇంటిపని మనీప్లాంటు చూసుకుంటుంది. అది సీసాలోంచి బయల్దేరి వసారా దాటి పడగ్గదిలోకి పాకింది. అది ఎంత పాకితే గది అంత సాగుతోంది. ఆయన పడుకునే మంచం ఇప్పుడు ఎక్కడో దూరాన అగ్గిపెట్టెంత కనపడుతుంది. మనీప్లాంటే పొద్దున్న కిటికీలు తీసి, తాయారుకి జడ అల్లి, రెక్క పట్టుకుని కంచం ముందు కూర్చోబెడుతుంది.

"మరి నరికేస్తాననేది ఎవరు?" అంటుంది గొడ్డలి.

"నేను," అంటాడు మునసబు. మునసబంటే పిల్లి. ఆ మీసాలు చూసి పేర్రాజు గారే ఆ పేరు పెట్టారు. "ఆ చెట్టు మీద నాకు కోపం ఉంది. నా తోకకి జిగురంటించింది."

మునసబు వెనక్కాళ్ల మీద లేచి, ఆయన పంచె ఎగ్గట్టి, గొడ్డలి అందుకుంటాడు. మనీప్లాంటు పెరటి తలుపు తీసి పట్టుకుంటుంది. వీళ్లని చూసి పనసచెట్టు ఆకులన్నీ దగ్గరికి లాక్కుంటుంది. జామచెట్టూ నిమ్మచెట్టూ మొహాలు అటు తిప్పుకుంటాయి.

"ఈ ఏడు కాయకపోయావో, మొదలంటా నరికేస్తా!" గొంతు అచ్చం ఆయనదే. తాయారుకి వినపడుతుంది గానీ ఎక్కడా తగలదు.

గొడ్డలి లేస్తుంది. అందరూ తాయారుకేసి చూస్తారు.

"సరే," అంటుంది.

దెబ్బ పడుతుంది. బెరడు లేచిపోయి పాలు కారతాయి.

"మర్యాద కోసం ఇంకోసారి అడుగుతున్నాను," అంటుంది గొడ్డలి.

"సరే."

ఇంకో దెబ్బ. పాలు పారుకుంటూ వచ్చి తాయారు పాదాలకి అంటుకుంటాయి. వెచ్చగా ఉన్నాయి. ఆ రోజు దుప్పటి కింద ఆయన పాదం పట్టుకుంటే ఇంతే వెచ్చగా ఉంది. అప్పుడు అనాల్సింది. లాభం లేదని తెలిసినా అనాల్సింది. ఊరికే, తంతుకైనా సరే, డాక్టరు చెయ్యి పట్టుకుని ఒక్కసారి అనాల్సింది.

గొడ్డలి మళ్లీ లేస్తుంది.

"వద్దండీ!" అని అరుస్తుంది తాయారు. "వద్దు, వద్దు! నాదీ పూచీ!"

గొడ్డలి గాల్లోనే ఆగిపోతుంది. తనకి ఆగడం వచ్చని దానికీ ఇప్పుడే తెలుస్తుంది.

చెట్టు మొదట్లో నేల నెర్రె విచ్చి, పండిన పనస వాసన గుప్పుమంటుంది. ముసలి చెట్లు ఒక్కోసారి మట్టి కిందే, వేరుకే కాస్తాయి. వాసన వస్తే గానీ తెలియదు. తాయారు చేతుల్తో తవ్వుతుంది. మనిషి కూర్చున్నంత కాయ, మెల్లగా ఊపిరి తీస్తోంది. లోపల ఎవరో గొంతు సవరించుకుంటారు. కాఫీ ఆలస్యమైతే పేర్రాజు గారు అలాగే సవరించుకునేవారు.

"కోద్దామా, అమ్మగారూ?" అంటాడు మునసబు, చేతులకి నూనె రాసుకుంటూ.

"వద్దు." మాట ఇప్పుడు సులువుగానే వస్తోంది.

కాయని ఎత్తడానికి తాయారు గోతిలోకి దిగుతుంది. కాయ గట్టెక్కుతుంది గానీ ఆవిడ కాళ్లు పైకి రావు. లాగి చూస్తుంది. పాదాలు మట్టిని గట్టిగా పట్టుకున్నాయి. పోనీలే అనుకుంటుంది.

మునసబు ఆవిడకేసి కాసేపు చూసి, మళ్లీ గొడ్డలి అందుకుంటాడు.

"నువ్వు నవ్వి ఎన్నాళ్లయింది? ఈ ఏడు నవ్వకపోయావో, మొదలంటా నరికేస్తా!"

తాయారు కదలదు. జామచెట్టూ నిమ్మచెట్టూ ఈసారి ఇటు తిరుగుతాయి.

కాయ లోపల్నుంచి పేర్రాజు గారు కంగారుగా అరుస్తారు. "వద్దురా, వద్దు! ఈసారి నవ్వుతుంది. నాదీ పూచీ!"

మునసబు గొడ్డలి దించి, పంచె విప్పి దండెం మీద వేసి, వెళ్లి అరుగు మీద పడుకుంటాడు. మనీప్లాంటు చెంబుతో నీళ్లు తెచ్చి తాయారు మొదట్లో పోస్తుంది. ఆవిడ మోకాలి మీద చర్మం కింద ఏదో కదిలి, ముళ్లముళ్లగా, పచ్చగా బొటనవేలంత పిందె బయటికొస్తుంది. తాయారు చుట్టూ ఒకసారి చూసి, దిష్టి తగలకుండా దాని మీద కొంగు కప్పుతుంది.