విశ్వతేజ టీ వద్దన్న రోజు

జోయా, ఆ ఎర్ర ఉన్ని ముడి మీంచి చెయ్యి తియ్యమ్మా. దాన్ని విప్పకూడదు. ఇలా వచ్చి నా పక్కన కూర్చో, అదక్కడ ఎందుకుందో చెబుతాను. అప్పుడు నువ్వు మీ అమ్మతో అత్తిలిలో ఉన్నావు, అందుకే నీకు తెలియదు.

మీ తాత ముబారక్ పుట్టింది ఏలూరులో ఈ తంగెళ్ళమూడిలోనే, తివాచీ మగ్గం పక్కన. నేను పెళ్ళై వచ్చేనాటికి ఒకరు గళ్ళలో బొమ్మ గీసిన నక్షా కాగితం పట్టుకుని రంగులు పాటలాగా పిలుస్తుంటే, మిగతావాళ్ళు వింటూ ఉన్ని ముడులు వేసేవారు. ఆ పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తరవాత మీ తాతే కాగితం చూసి నేసుకునేవారు. ఆ తరవాత చూపు మందగించింది. ఆపరేషన్ చేయించినా, నక్షాలోని చిన్న గళ్ళు చీమల బారులా కలిసిపోతున్నాయనేవారు. చేసేది లేక మగ్గం మీద దుప్పటి కప్పేశాం. నేసే మనిషిని ఊరికే కూర్చోబెడితే ఎలా ఉంటుందనుకున్నావు? కూర్చున్నచోటే ఆయన వేళ్ళు తువ్వాలు అంచుకి ముడులు వేస్తుండేవి.

మీ అక్క ఇక్రా అది చూడలేకపోయింది. తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు బాగుచేసే విశ్వతేజ దగ్గర్నుంచి పాత మానిటర్ ఒకటి తెచ్చింది. మగ్గం స్తంభానికి బల్ల కొట్టించి దాని మీద పెట్టించింది. తన లాప్‌టాప్ నుంచి వైరు కలిపితే నక్షాలో ఒక్కో గడి అరచేయంత కనబడింది. మీ తాత దుప్పటి తీసి, "రెండు కుంకుమ రంగు, ఒకటి ఆకుపచ్చ" అని తనలో తను పిలుచుకుంటూ మళ్ళీ ముడి వేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి వంకాయలు తరగబోతే కళ్ళలో నీళ్ళకి ఒక్క వంకాయా కనబడలేదు.

కైకలూరులో రొయ్యల మేత అమ్మే బాపిరాజు గారు కొత్త ఇంటికి కొల్లేటి గూడబాతులున్న తివాచీ కావాలన్నారు. ఆ బొమ్మ ఇక్రానే గీసింది. సరిగ్గా బాతుల ముక్కుల దగ్గరికి వచ్చేసరికి గొడవ మొదలైంది. నేస్తుండగా ఉన్నట్టుండి తెర నల్లబడేది. చిన్న పెట్టె ఒకటి దారి తప్పిన దూడలా తెరంతా తిరుగుతుండేది.

"అందులో ఏం రాసుందే?" అని ఇక్రాని అడిగాను.

"సిగ్నల్ లేదని, నానమ్మా."

"ఎదురుగా ఉన్నదానికి సిగ్నల్ అందకపోవడమేమిటి? వంటింట్లోంచి నేను పిలిస్తే మీ తాతకి వినపడనట్టా?"

"తాతకి వినపడుతుంది. పలకరంతే."

ఇక్రా వైరు మార్చింది. వెనకాల ఇంకో రంధ్రంలో పెట్టి చూసింది. ఆపి మళ్ళీ వేసింది. కాసేపు బాగుండేది, అంతలోనే మళ్ళీ చీకటి. ఒకసారి తెర పోయినప్పుడు లెక్క తప్పి బాతు ముక్కులో ఆకుపచ్చ పడింది. ఆ వరసంతా విప్పాల్సి వచ్చింది. మీ తాత ఆ రోజు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "బాపిరాజు గారిని ఇంకెక్కడైనా నేయించుకోమని చెప్పు ఇక్రా. రంజాన్ పండగ వెళ్ళాక మగ్గం విప్పేద్దాం," అన్నారు మెల్లగా.

విశ్వతేజ అంతకుముందే రెండు మూడుసార్లు వచ్చి చూశాడు. మన ఇంటి పద్ధతి నీకు తెలుసుగా, గడపలో మనిషి నిలబడితే మగ్గం చప్పుడు వినబడకూడదు. మీ తాత చేతిలో పని పక్కన పెట్టి లేచేవారు. కుర్చీ వేసేవారు. నేను అల్లం టీ ఇచ్చేదాన్ని. అతను టీ తాగుతూ తెరనే చూసేవాడు. అదేమో కదలకుండా వెలుగుతుండేది. తన లాప్‌టాప్ పెట్టి చూశాడు, సెట్టింగులు మార్చాడు. "బాగానే ఉందండి," అని వెళ్ళేవాడు. అతను బస్సెక్కీ ఎక్కకముందే ఇక్కడ తెర నల్లబడేది.

"ఇది పెళ్ళిచూపుల్లో పిల్లలా ఉంది. వచ్చినవాళ్ళ ముందు ఎంత బుద్ధిగా కూర్చుంటుందో చూడు," అనేవారు మీ తాత.

రంజాన్ నెల వచ్చింది. ఏలూరులో పనుండి వచ్చిన విశ్వతేజ, ఎవరూ పిలవకుండానే మనింటికి వచ్చాడు. నేను పొయ్యి వెలిగించబోయాను.

"వద్దండి మామ్మగారూ. మీరంతా ఉపవాసం ఉండగా నా ఒక్కడికీ టీ ఏంటండి?"

"ఇంటికొచ్చినవాళ్ళకి ఇస్తే తప్పేం లేదు బాబూ."

"మీకు లేదేమోనండి, నాకు గొంతు దిగదు. తాతగారూ, మీరు లేవకండి. మీ పని మీరు చేసుకోండి, నేనిలా కింద కూర్చుంటాను."

టీ లేకపోతే ఎదురెదురుగా కూర్చుని ఏం చేస్తారు? మీ తాత మొహమాటపడుతూనే ముడులు వేశారు. వరస పూర్తయింది. ముడుల్ని కిందికి దిగ్గొట్టే ఇనప పంజా అందుకుని గట్టిగా కొట్టారు. తెర నల్లబడింది.

కొట్టేటప్పుడు మీ తాత చూపు పడుగు దారాల మీదే ఉంటుంది. తలెత్తేసరికి తెర పోయుంటుంది. ఎప్పుడు పోయిందో ఆయనకేం తెలుసు? విశ్వతేజ ఇప్పుడు తెరని చూడలేదు, పంజాని చూశాడు. లేచి మానిటర్ వెనక వైరుని వేలితో నొక్కాడు. బొమ్మ తిరిగి వచ్చింది.

"ఇంకోసారి కొట్టండి తాతగారూ."

కొట్టారు, పోయింది. నొక్కాడు, వచ్చింది.

"ఈ వైరు ఇంత బిగించి కట్టిందెవరండి?"

"నేనే బాబూ. వేలాడుతుంటే చూడలేక."

నేతగాడి కంటికి వదులు దారం గిట్టదు కదమ్మా. ఇక్రా వైరు మార్చినప్పుడల్లా, ఆయన దాన్ని పడుగులా లాగి, ఉన్నితో స్తంభానికి కట్టేవారట. పంజా దెబ్బకి స్తంభం అదిరినప్పుడల్లా వైరు మొన రవ్వంత బయటికి జరిగేది. మేం మర్యాదకని మగ్గం ఆపినన్నాళ్ళూ, నా టీ గ్లాసు చాటున ఆ లోపం దాక్కుంది.

"వదులైతే నేత చెడుతుంది బాబూ," అన్నారు మీ తాత.

"ఇది దారం కాదండి, పలుపనుకోండి. మా గేదెని కట్టేటప్పుడు కాస్త వదులుంచుతామండి. లేకపోతే దానికి మేత అందదు."

"ఇది గేదె అని ముందే చెప్పొద్దా మరి?" అని మీ తాత నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

విశ్వతేజ బల్లని స్తంభం నుంచి తీసి గోడకి కొట్టాడు. వైరుని చుట్టలా వదిలాడు. ఆ చుట్ట జారిపోకుండా మీ తాతే ఎర్ర ఉన్నితో తివాచీ ముడి వేశారు. ఇప్పుడు నీ చెయ్యి పడింది దాని మీదే. కొన్నాళ్ళు అటు చూసినప్పుడల్లా, లాగి బిగించాలని ఆయన చేతులు దురద పెట్టేవి. మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం విశ్వతేజని వెళ్ళనివ్వలేదు. మాతోపాటు ఖర్జూరం తిన్నాడు, గంజి తాగాడు. "ఇప్పుడివ్వండి మామ్మగారూ మీ టీ," అని అడిగి మరీ తాగాడు. ఆ రోజు దువాలో నా పిల్లల పేర్ల తరవాత అతని పేరు చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.

గూడబాతులు కైకలూరు వెళ్ళిపోయాయి. మగ్గం మాత్రం ఇక్కడే ఉంది. వింటున్నావుగా, మీ తాత పంజా చప్పుడు. రేపు నీ పిల్లలు ఈ ముడి ఏమిటని అడిగితే, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన విశ్వతేజ మన ఉపవాసం చూసి టీ వద్దన్నాడని, అందుకే తాత మగ్గం ఆగలేదని చెప్పు. మిగతాది మరిచిపోయినా పరవాలేదు గాని, ఆ పేరు మాత్రం గుర్తుంచుకుని చెప్పమ్మా.