జానెడు వైరు

మా ఆఫీసు సారు కొత్త చార్జింగ్ వైర్లు పంపాడు, ఒక్కొక్కటి రెండు మీటర్లు. నాకు ఒళ్ళు మండింది. ఇల్లు విడిచి బస్టాండుకి చేరే పిల్లల్ని, దళారుల కంటే ముందు పలకరించే ఉద్యోగం నాది. నా పవర్ బ్యాంకుకి జానెడు వైరే ఉంటుంది. ఫోను నిండేదాకా పిల్ల నా పక్కనే కూర్చోవాలి కదా! వైర్లన్నీ తిప్పి పంపేశాను.

ఆ మధ్యాహ్నమే ఒక పిల్ల కనిపించింది. పదిహేనేళ్ళుంటాయి. భుజాన బడి సంచి, చేతిలో ఆగిపోయిన ఫోను.

"చార్జింగ్ పెట్టుకుంటావా?" అన్నాను. పేరు అడగలేదు. అడిగితే లేచిపోతారు.

"ఇంత పొట్టి వైరేంటి ఆంటీ?" అని విసుక్కుంటూనే కూర్చుంది.

ఇరవై శాతం దాకా నోరు విప్పలేదు. ముప్పై దాటాక, ఫోన్లో పరిచయమైన ఒక అన్న ఉద్యోగం ఇప్పిస్తానన్నాడని, నాలుగింటికి కారులో వస్తాడని చెప్పింది. యాభై దగ్గర, ఆ అన్నని ఒక్కసారి కూడా చూడలేదని ఒప్పుకుంది. నేను నీతులు చెప్పలేదు.

"కారెక్కాక ఈ ఫోను నీ చేతిలోనే ఉండనిస్తాడా?" అన్నాను.

డెబ్బై దగ్గర వాళ్ళ పిన్నికి ఫోను చేసింది. పిన్ని ఏడుపు నాకూ వినిపించింది. గంటలో వచ్చేస్తానంది.

నాలుగింటికి కారొచ్చి హారన్ కొట్టింది. నేను దాని నంబరు రాసుకున్నాను. హారన్ మళ్ళీ మోగింది. ఫోను ఎప్పుడో నిండిపోయింది.

పిల్ల వైరు పీకలేదు.