రెండు రకాల కుర్చీలు

తండ్రి పోయాక సోఫా కవర్లు కుట్టే ఆ షెడ్డు అక్కాతమ్ముళ్ళిద్దరి చేతికీ వచ్చింది. తమ్ముడు వచ్చీరాగానే కంప్యూటర్‌తో గుడ్డ కత్తిరించే మిషన్ కొని, దానికో అద్దాల గది కట్టించాడు. చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వెళ్ళేవాడు. అక్కను మాత్రం గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. "నువ్వు ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతావు" అనేవాడు.

అక్కకు ఉన్నదల్లా మూల పగిలిన ఫోను. ఎవరు కవర్లు కావాలన్నా, సోఫా చుట్టూ తిరుగుతూ వీడియో తీసి పంపమనేది. పిల్లలెంతమంది, ఇంట్లో పిల్లి ఉందా, ఎవరు ఏ మూల కూర్చుంటారు, అన్నీ అడిగేది. ఆ మాటల్లోనే గుడ్డ ఎక్కడ త్వరగా చిరుగుతుందో, గట్టిగా ఉండేందుకు రెండో కుట్టు ఎక్కడ వెయ్యాలో తేలిపోయేది.

ఒకరోజు వ్యాపారుల సంఘం నుంచి ఒకాయన వచ్చాడు, ఎవరెవరు ఏ టెక్నాలజీ వాడుతున్నారో రాసుకోవడానికి. మిషన్ గురించి పేజీన్నర రాసుకుని, అక్క వైపు తిరిగి, "మరి మీరేం వాడతారమ్మా?" అన్నాడు.

"తనకేముందండీ, ఫోన్లో కబుర్లు!" అన్నాడు తమ్ముడు.

ఆయన అక్క పేరు ఎదుట ఓ గీత గీసి పుస్తకం మూసేశాడు. అక్క నవ్వేసింది గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

ఆ నెలలోనే ఓ హోటల్ ఆర్డరొచ్చింది. నూట ఇరవై కుర్చీలకు కవర్లు. మేనేజరు కొలతల కాగితం పంపాడు. అక్క అలవాటు కొద్దీ ఆ హోటల్లో గదులు శుభ్రం చేయించే పెద్దావిడకు ఫోన్ చేసి, ఆవిడ మోకాళ్ళ నొప్పుల కథంతా విని, హాలు వీడియో తెప్పించుకుంది. చూస్తే కిటికీ వైపు కుర్చీల వీపులు సన్నగా ఉన్నాయి.

"ఒరేయ్, కుర్చీలు రెండు రకాలున్నాయిరా. ఆగు."

"కొలతలు మేనేజరే ఇచ్చాడక్కా. ఎవరో తీసిన వీడియో చూసి మిషన్ ఆపమంటావా?"

"మిషన్ నువ్వు చెప్పిందే కోస్తుంది. నువ్వు చెప్పేది సరైందేనా అంటున్నా."

అతను చెవిన పెట్టలేదు. మిషన్ వెంట్రుకవాసి తేడా లేకుండా కోసింది.

హోటల్లో నలభై కుర్చీలకు ఆ కవర్లు తాత చొక్కా మనవడికి తొడిగినట్టు వేలాడాయి. మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. తిరుగు దారిలో అక్క "నేను చెప్పలేదూ" అనలేదు. షెడ్డుకు రాగానే చెప్పులు విడిచి నేరుగా అద్దాల గదిలోకి వెళ్ళి నిలబడింది.

"నేర్పు" అంది.

నేర్పాడు. మొదటి గుడ్డ మీద పూలన్నీ తలకిందులుగా వచ్చేట్టు కోసింది. తమ్ముడు తల పట్టుకున్నాడు గానీ, నవ్వాపుకోలేకపోయాడు.

"సరే, ఇప్పుడు నీ వంతు. పెద్దావిడకు ఫోన్ చేసి ఆ నలభై కుర్చీల కొలతలు కనుక్కో" అంది అక్క.

"హలో, వీపు వెడల్పెంత?" అన్నాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

"ముందు మోకాళ్ళెలా ఉన్నాయో అడగరా మొద్దూ!"

మళ్ళీ చేసి, అడిగాడు. ఇరవై నిమిషాలు విన్నాడు. చివరికి కొలతలొచ్చాయి.

కవర్లు వారం ఆలస్యంగా అందాయి. ఆ హోటల్ మళ్ళీ ఆర్డరివ్వలేదు. షెడ్డులో మాత్రం పొద్దున పూట మిషన్ అక్కది, మధ్యాహ్నం పూట ఫోను తమ్ముడిది. అతను ఇప్పటికీ "హలో" అన్నాక ఓ క్షణం ఆగుతాడు, ఏం పలకరించాలో వెతుక్కుంటూ.