ప్రెసిడెంటుగారు వచ్చాక మళ్ళీ మొదటినుంచి

నేను ఒక సినిమా మిషన్‌ని. పుట్టింది ఏ సముద్రం అవతలో నాకే సరిగ్గా తెలియదు. నలుగురు యజమానుల చేతులు మారి గోదావరి పక్క ఒక రేకుల హాలుకు చేరాను. నా వీపులో కార్బన్ కడ్డీలు మండితే వచ్చే వెలుగుకు తెల్లవారిందనుకుని పొరుగూరి కోళ్ళు కూసేవి. నమ్మరా? వెళ్ళి ఆ కోళ్ళనే అడగండి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ప్రెసిడెంటు జగ్గంరాజుగారు ఎంత ఆలస్యంగా వచ్చినా ఆయన కోసం బొమ్మ మళ్ళీ మొదటినుంచి వెయ్యాలి. ఒక పౌరాణికంలో రావణుడు ఒకే పూట మూడుసార్లు చచ్చాడంటే ఆ పుణ్యం ఆయనదే. జనం కిక్కురుమనేవారు కాదు.

ఒక వేసవిలో మ్యాట్నీకి పరదేశం బొమ్మ వచ్చింది, తెలుగు మాటలు అతికించి. ఆ దేశంలో నవ్వాలన్నా సర్కారు పర్మిషన్ కావాలి. నవ్విన వాణ్ణి పొరుగువాడే పట్టిస్తాడు. చివరికి జనం తిరగబడి ఆ దేశపు రాజు కోట గేట్లు విరగ్గొడతారు. హాలు ఊగిపోయింది. బెంచీల మీది మగాళ్ళు ఈలలు వేశారు. నేల మీద మంగాయమ్మ అయితే, "పొడవండ్రా ఆ ముదనష్టపోణ్ణి!" అని తెరకే పురమాయించింది.

సరిగ్గా ఆఖరి రీలులో జగ్గంరాజుగారు దిగారు. కండువాతో కుర్చీ దులుపుకుని కూర్చుని, క్యాబిన్ వైపు చెయ్యి ఊపారు.

"ఒరే దానయ్యా! మొదట్నించెయ్యి."

దానయ్య నా ఆపరేటరు. పదకొండేళ్ళుగా నోరెత్తి ఎరగడు. ఆ వేళ ఆ బొమ్మ వాడి తలకెక్కినట్టుంది. క్యాబిన్ గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఈ ఒక్క రీలూ అవనివ్వండి బాబూ, పది నిమిషాలే. జనం దీనికోసమే కూచున్నారండి. ఆనక మీకోసం మళ్ళీ ఏస్తానండి."

జగ్గంరాజుగారికి కోపం రాలేదు. నవ్వుతూ హాలు వైపు తిరిగారు.

"ఏమర్రా, నన్ను చూడొద్దంటన్నాడు దానయ్య. మీ మాటేంటి?"

ఈలలు ఆగిపోయాయి. ముందు మంగాయమ్మే అంది. "ఎయ్యరా నాయనా! మళ్ళీ చూత్తే మాకేం నొప్పి? పెద్దోరికి ఎదురు చెప్తావేంటి?"

అంతే. బెంచీల మీదనుంచి నలుగురు లేచారు, అందరికంటే గట్టిగా ఈలలు వేసిన నలుగురే. క్యాబిన్‌లోకి వచ్చి దానయ్య కుడిచేతిని పట్టి, నిప్పులా కాగుతున్న నా వీపుకు అదిమారు. ఒకడు కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆపమన్నవాళ్ళే ఆపేవాడి చేతిని కాలుస్తుంటే రీలు ఎలా ఆగుతుంది? అది ఆడుతూనే ఉంది. తెరమీద గేట్లు విరుగుతున్నాయి. చూసేవాడు లేడు. హాలంతా వెనక్కి తిరిగి క్యాబిన్ గుమ్మంలోకి చూస్తోంది.

"అయ్యయ్యో, నేను చెప్పేనేంట్రా?" అన్నారు జగ్గంరాజుగారు కూర్చున్నచోటినుంచే. "సర్లే, మొదలెట్టండి."

దానయ్య తడిగుడ్డ చుట్టుకుని, ఎడంచేత్తో మొదటి రీలు ఎక్కించాడు. ఆఖరి రీలు వచ్చింది. గేట్లు విరిగాయి. మళ్ళీ అవే ఈలలు, ఆ నలుగురివే ముందు. మంగాయమ్మ ముక్కు చీది ఏడ్చింది. జగ్గంరాజుగారు కూడా కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఏం జనం రా! జనమంటే అలా ఉండాలి."

మర్నాటినుంచి దానయ్య రాలేదు. ముడుచుకుపోయిన వేళ్ళతో రీలెవడు ఎక్కిస్తాడు? కొత్త ఆపరేటరు మహా బుద్ధిమంతుడు, అడక్కుండానే మొదటినుంచి వేసేవాడు.

ఇప్పుడు పాత ఇనుము కొట్లో, విరిగిన బోరింగు గొట్టాల మధ్య పడి ఉన్నాను. సుత్తి ఎప్పుడు పడుతుందో తెలియదు. మనుషుల్ని ఏమీ అనను. ఆ పూట కాల్చింది నా వేడే. నన్ను ఆర్పగలిగిన చెయ్యి ఆ హాల్లో ఒక్కటే ఉండేది. దాన్నే తెచ్చి నా మీద పెట్టారు.