నీటిపిల్ల ఓడిపోయిన మధ్యాహ్నం

వంటింట్లో యాపిల్ ముక్కలు కోస్తూ ఆమె హాల్లోంచి వస్తున్న నవ్వుల్ని చెవులు రిక్కించి వింటోంది. అందరి నవ్వులూ కాదు, భర్త నవ్వు మాత్రమే. మొదట పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. కాసేపటికి అది సగమైంది. ఇప్పుడు ముక్కులోంచి ఒక్క శబ్దం, అంతే. అతని నవ్వు అలా కురచైపోయిందంటే చాలు, ఆమె అరచేతులు చల్లబడిపోతాయి. పన్నెండేళ్ళ కాపురంలో ఒంటబట్టిన విద్య అది.

ఆదివారం మధ్యాహ్నమైతే ఆ ఇంట్లో ఒకటే కాలక్షేపం. బొమ్మల పుస్తకాల్లో వీరులంటే అతనికి చిన్నప్పటి నుంచీ వల్లమాలిన పిచ్చి. భోజనాలు కాగానే పై అంతస్తులో ఉండే వకీలూ, ఆఫీసులో అతని పక్కసీటు పొడుగాయనా వచ్చి సోఫాలో కూలబడతారు. ఈ వీరుడూ ఆ వీరుడూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు? ఇదే వాదన. నలభై దాటిన మనుషులు గొంతు చించుకుని, గాల్లో పిడిగుద్దులు గుద్దుకుని, చివరికి అతను చెప్పిందే ఒప్పుకుని లేస్తారు. వారమంతా కోర్టులో వాదించి వచ్చిన వకీలుకి ఇక్కడ గెలవాలన్న పంతం లేదు. పొడుగాయనకి టీ వేడిగా ఉంటే చాలు. ఆమె వంతు ఆ టీ పెట్టడం, కప్పులు తియ్యడం, ఎప్పుడైనా గుమ్మంలో నిలబడి వింటే "నీకేం అర్థమవుతుందే ఇదంతా?" అని అతనన్నప్పుడు అందరితో పాటు నవ్వడం.

రెండు నెలలుగా ఆ వాదనలోకి ఒక కొత్త గొంతు దూరింది. పదేళ్ళ కూతురిది. ఇంట్లో అందరూ గువ్వ అని పిలిచే ఆ పిల్ల తండ్రి పుస్తకాలన్నీ నమిలి మింగేసింది. ఇవాళ్టి పోటీ బండోడికీ నీటిపిల్లకీ. బండోడంటే కొండల్ని ఒంటిచేత్తో ఎత్తేవాడు, తండ్రికి ప్రాణం. నీటిపిల్ల తలుచుకుంటే నీరైపోగలదు, గువ్వకి ప్రాణం.

"నాన్నా, నీళ్ళని గుద్దితే ఏమవుతుంది? చెయ్యి తడుస్తుంది, అంతే!"

వకీలు పగలబడి నవ్వాడు. "ఇదిగో, ఇది పాయింటంటే!"

"సీసాలో పట్టి బిరడా బిగించేస్తాడు," అన్నాడు భర్త.

"అయితే ఆవిరైపోయి బిరడా ఎగరగొట్టేస్తుంది. పదకొండో సంచికలో అలాగే చేసింది. పుస్తకం తేనా?"

పుస్తకం కోసం పరిగెత్తిన అడుగుల చప్పుడు విని ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది.

అతను కొట్టే మనిషి కాదు. ఆ సంగతి అందరూ ఆమెకి గుర్తు చేస్తూనే ఉంటారు. పెళ్ళయిన రెండో ఏడు ఒకసారి కారులో వెళ్తూ, ఎడమవైపు తిరగాలని ఆమె అంది, కుడివైపని అతనన్నాడు. ఆమె చెప్పిందే నిజమైంది. "చూశారా!" అని ఆమె చప్పట్లు కొట్టింది కూడా, చిన్నపిల్లలా. ఇంకో పది నిమిషాలు పోయాక, ఒక్క ఇల్లయినా లేని చోట అతను కారాపి, "వెనక చక్రం చూడు, గాలి తగ్గినట్టుంది" అన్నాడు. ఆమె దిగగానే వెళ్ళిపోయాడు. ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చి తలుపు తీసి, "సరదాకి చేశానోయ్, అంత ఏడుపేంటి?" అన్నాడు. అత్తగారికి చెప్పుకుంటే ఆవిడ, "వాడు ఓడిపోతే తట్టుకోలేడమ్మా. చిన్నప్పుడు వాడితో ఏ ఆటాడినా నేను కావాలనే ఓడిపోయేదాన్ని. నువ్వూ అలవాటు చేసుకో, ఏం పోతుంది?" అంది. ఆమె అలవాటు చేసుకుంది. దారుల విషయంలో, టీవీలో వార్తల విషయంలో, చివరికి తన వృత్తి విషయంలో కూడా. ఆసుపత్రిలో ఆమె వినికిడి పరీక్షలు చేస్తుంది. మనుషుల చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, శబ్దాన్ని తగ్గించుకుంటూ పోతూ, ఏ దగ్గర వాళ్ళకి వినబడటం ఆగిందో కనిపెడుతుంది. రిపోర్టు మీద సంతకం డాక్టరుది. ఇంట్లో మాత్రం చెవుల గురించి కూడా అతనికే ఎక్కువ తెలుసు.

అంతవరకూ అయితే ఆమె ఎలాగో నెట్టుకొచ్చేది. కానీ పోయిన నెల ఒక ఆదివారం గువ్వ వాదనలో గెలిచింది. మర్నాడు పిల్లని స్కూలు నుంచి తేవాల్సిన అతను వెళ్ళలేదు. గేటు బయట గంటన్నర నిలబడి, భయంతో గౌను తడుపుకుని, చివరికి ఎవరో టీచరు దింపితే ఇంటికొచ్చింది పిల్ల. "మర్చిపోయానమ్మా" అని అతను కూతురి తల నిమిరాడు. నిమురుతూ భార్య వైపు చూశాడు. అతను దేన్నీ మర్చిపోడని ఆమెకి తెలుసు.

ముక్కలు పళ్ళెంలో సర్దుకుని ఆమె హాల్లోకి వచ్చింది. గువ్వ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, పదకొండో సంచిక తెరిచి పెట్టుకుని, వేలు పెట్టి బొమ్మ చూపిస్తోంది. వకీలూ పొడుగాయనా ముందుకు వంగి చూస్తున్నారు. భర్త కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మెల్లగా, చప్పుడు కాకుండా. ఆ సైగ ఆమెకి తెలుసు. పిల్ల తలెత్తినప్పుడు ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపిందనడం కూడా ఎక్కువే, గడ్డం రవ్వంత కదిలింది.

గువ్వ మాట మధ్యలో ఆగిపోయింది. పుస్తకం మూసింది. ఓ చిన్న నవ్వు నవ్వి, "అవున్లే నాన్నా, నువ్వు చెప్పిందే కరెక్టు. నేనే సరిగ్గా ఆలోచించలేదు," అంది.

ఆ నవ్వు ఆమెది. ఆ మాటలూ, "లే" దగ్గర గొంతు కిందికి జారే తీరూ ఆమెవే. పదేళ్ళ నోట్లోంచి అచ్చుగుద్దినట్టు వచ్చాయి.

"అమ్మ పోలిక, బుద్ధిమంతురాలు!" అన్నాడు పొడుగాయన, యాపిల్ ముక్క అందుకుంటూ.

అతను కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. గండం గడిచింది. ఆమె ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఊపిరి ఆడలేదు. ఇన్నేళ్ళూ అతనంటే ఉన్న భయం ఒకెత్తు, కూతురి ముఖం మీద ఇంకా చెరగకుండా ఉన్న ఆ నవ్వు ఒకెత్తు. పళ్ళెం బల్ల మీద పెట్టి, ఎప్పుడూ కూర్చోని ఆ హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"లేదండీ," అంది. "నీటిపిల్లే గెలుస్తుంది."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"నీకేం తెలుసే వీటి గురించి?" భర్త నవ్వుతూనే అన్నాడు.

"గువ్వకి జ్వరం వచ్చినప్పుడు పదకొండో సంచిక నేనే చదివి వినిపించాను. బండోడికి బలం ఉంది, నిజమే. కానీ వాడికి పట్టుకోవడం తప్ప ఇంకో విద్య రాదు. చేతికి చిక్కని దాన్ని ఏం చేస్తాడు?"  ఆమె గువ్వ వైపు తిరిగింది. "గువ్వ చెప్పిందే కరెక్టు. అది గెలిచింది."

"ఇంకేముందోయ్, ఒప్పేసుకో," అన్నాడు వకీలు. భర్త ఒప్పుకోలేదు, కాదనలేదు. కళ్ళద్దాలు మళ్ళీ తీసేశాడు. స్నేహితులు టీ తాగి వెళ్ళేదాకా వాతావరణం గురించి మాట్లాడాడు. వాళ్ళని సాగనంపి, వీధి తలుపు గడియ పెట్టి, ఆమె పక్కనుంచి పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఇల్లంతా చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. గువ్వ వచ్చి కొంగు పట్టుకుంది.

"ఎందుకమ్మా అలా చెప్పావు? నేను ఓడిపోయాను కదా!"

"నాన్నంటే భయమేసి ఓడిపోయావా తల్లీ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "నాన్నని చూసి కాదు. నీ చేతిలో పళ్ళెం వణికింది. నువ్వు భయపడుతున్నావని ఓడిపోయాను."

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది. తర్వాత ఫోన్ తీసుకుని తన అక్కకి కలిపింది.

"అక్కా, నేనూ గువ్వా మీ ఇంటికి వస్తున్నాం. ఇప్పుడే. పండక్కీ పబ్బానికీ కాదు. ఎన్నాళ్ళుంటామో నాకే తెలీదు."

"ఏమైందే? అతనింట్లో ఉన్నాడా? వింటాడేమో, మెల్లగా మాట్లాడు," అంది అక్క కంగారుగా.

పడకగది తలుపు గొళ్ళెం కదిలింది. ఆమె గువ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"విననీ అక్కా," అంది, గొంతు తగ్గించకుండా.