చెరిపే ముందు అడగాలి

పోయిన నా భార్య గొంతును చెరిపేసింది మా అల్లుడే. నా ఫోన్‌లో జాగా లేదని, నన్ను అడక్కుండా ఆమె వాయిస్ మెసేజ్‌లన్నీ తీసేసి అప్‌డేట్ చేశాడు. ఫోన్ల కంపెనీలో అతని ఉద్యోగమే అది.

నిన్న భోజనాల దగ్గర, "మామయ్యా, వచ్చే అప్‌డేట్‌లో మీకేం కావాలి?" అన్నాడు.

"ఛార్జింగ్ రెండ్రోజులు ఆగాలి," అంది కూతురు.

"చెరిపే ముందు ఫోన్ గలవాణ్ణి అడగాలి," అన్నాను.

"ఇంకా అదే పాటా!" అని నవ్వుతూ చేయి కడుక్కోవడానికి లేచాడు.

అతని ఫోన్ బల్ల మీద తెరిచే ఉంది. చనిపోయిన వాళ్ళమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు వెతికి, అన్నీ చెరిపేశాను.

"ఏం చేశారు మామయ్యా?" తిరిగొచ్చి, నా చేతిలో తన ఫోన్ చూసి అడిగాడు.

"జాగా చేశాను, అల్లుడుగారూ."

కూతురు ఏడుస్తోంది. ఏడవనీ. ఆ పాట మళ్ళీ నా నోట రాదు.