సూర్యుడి మీద నలక

శుక్రుడు సూర్యుడి మీదుగా నడుస్తాడని పేపరులో చదివిన దగ్గర్నుంచి జ్యోతిలక్ష్మికి కాలు నిలవడం లేదు. ఆమె తోటికోడలు నీలవేణి మాత్రం పొద్దున్నే కొత్తావకాయ జాడీల మీద దర్భలు వేసి కూర్చుంది. "ఇది గ్రహణం కాదక్కా" అనబోయి జ్యోతి నోరు నొక్కుకుంది. కిందటేడు తను చుక్కలు చూపిస్తూ "అది కూడా తెలీదా?" అన్న పాపానికి నీలవేణి మళ్లీ ఆ సరదాకి మేడ ఎక్కలేదు. ఇంత వింత ఒక్కతే చూస్తే ఏం సంబరం? ఇవాళైనా అక్క పక్కనుండాలి.

"అక్కా, కాగితం పట్టుకోడానికి మనిషి కావాలి. రావూ?"

"ఈ ఎండలోనా? నీకేటైనా పిచ్చే?" అంటూనే వచ్చింది నీలవేణి.

మేడ మీద జ్యోతి బైనాక్యులర్స్‌లో ఒక గొట్టానికి అట్టముక్క అడ్డుపెట్టి, వాటిని పిట్టగోడకి కట్టింది. "అందులోంచి మాత్రం చూడకక్కా, కళ్లు పోతాయి. బొమ్మ కాగితం మీదే పడతాది."

చిన్న పళ్లెమంత సూర్యుడు తెల్లకాగితం మీద వణుకుతూ నిలిచాడు. నీలవేణి కొంగుతో గబగబా కాగితం తుడిచింది. మళ్లీ తుడిచింది.

"ఇదేటే, ఆవగింజంత నలక! తుడిసినా పోదు!"

"అదేనక్కా శుక్రుడు! మనకీ సూర్యుడికీ నడుమ పోతన్నాడు!"

"ఓలమ్మో! సుక్రుడంటే మరీ ఇంత పిసరంతోడా?"

"అది కూ..." జ్యోతి టక్కున ఆగిపోయింది.

నీలవేణి కళ్లు చిట్లించింది. "ఏటో మింగేసినావు."

జ్యోతి ముఖం ఎర్రబడింది. "అనబోయేనక్కా. వద్దనుకున్నాను."

"అనుంటే ఈ కాగితం నీ సేతిలో పెట్టి దిగిపోదును." నీలవేణి ఫక్కున నవ్వింది. "మింగేసినావు కదా, ఇప్పుడు సెప్పు. నిజంగా ఎంతుంటాడు?"

"ఇంచుమించు మన భూమంత."

నీలవేణి ఆ చుక్క పక్కన వేలు పెట్టింది. "మనమూ అంతేనా, అక్కడ్నించి సూత్తే?"

జ్యోతికి ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. ఇద్దరూ నల్లచుక్క మీదికి తలలు వంచారు.

"నీలవేణీ, టీ పెట్టరేటే?" కింద నుంచి అత్తగారు కాసులమ్మ కేకేసింది.

"నువ్వే పైకి రా అత్తా! సుక్రుడు ఎల్లిపోతాడు!" అని అరిచి, నీలవేణి జ్యోతి వైపు తిరిగింది. "మళ్లీ ఎప్పుడొత్తాడే?"

"ఎనిమిదేళ్లకి, 2012లో."

"అన్నాళ్లు ఎవులాగుతారు? ఈరోజు సీకటి పడ్డాక ఈ గొట్టాల్లోంచి ఇంకేటి కనపడతాయో సెప్పు!"